ఒకే పేరు, రెండు జబ్బులు: పల్లె ఆస్పత్రిలో ఎగ్జిమా

తెలుగు పల్లెల్లో తామర అన్న మాట ఒకటే, అది సూచించే జబ్బులు రెండు. ఒకటి శిలీంధ్రం వల్ల వచ్చేది. అంచు కట్టి వలయంలా పాకుతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. రెండోది ఎగ్జిమా. ఇది అంటువ్యాధి కాదు. చర్మం పైపొర బలహీనంగా ఉండటం, ఆ బలహీనతకు తోడు ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం దీనికి మూలం. పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ తామర అన్న పేరు రెండింటికీ కనిపిస్తుంది. పేరు కలిసిపోవడంతో మందూ కలిసిపోతోంది. మొదటిదానికి రాయకూడని స్టెరాయిడ్ క్రీమే రెండోదానికి ప్రధానమైన మందు. పల్లె వైద్యంలో ఎగ్జిమా మీద నడిచే వాదమంతా ఈ చిక్కు దగ్గరే మొదలవుతుంది.

ఎగ్జిమాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చేది అటోపిక్ డెర్మటైటిస్. చాలావరకు ఐదేళ్లలోపే కనిపిస్తుంది. పాలు తాగే వయసులో బుగ్గల మీద, నుదుటి మీద, చేతులూ కాళ్ల వెలుపలి వైపున పొక్కులు లేచి రసి కారుతుంది. నడక వచ్చాక మోచేతి మడతల్లోకి, మోకాలి వెనక గుంటల్లోకి, మెడ చుట్టూ, మణికట్ల మీదికి మారుతుంది. గోకినకొద్దీ చర్మం నల్లబడి, మందమై, గీతలు తేలుతుంది. పైపొరను దిట్టంగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యులోపం వల్ల కొందరిలో తక్కువగా ఉంటుందనీ, అది ఎగ్జిమాకు దారితీస్తుందనీ 2006లో తేలింది. గోడ బీటలు వారితే లోపలి తేమ బయటికి పోతుంది. సబ్బు, దుమ్ము, చెమట, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. చాలామంది పిల్లలకు పెద్దవుతున్నకొద్దీ తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. ప్రాణం మీదికి రావడం అరుదు గనుక దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ రాత్రంతా గోక్కునే పిల్లకు నిద్ర ఉండదు, పక్కన పడుకున్న తల్లికీ ఉండదు. తెల్లవారితే ఆ తల్లి కూలికి పోవాలి.

మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. చర్మ నిపుణులు ఉండేది పెద్దాసుపత్రుల్లో, పట్నాల్లో. ఎగ్జిమా చికిత్స ఎక్కడ జరగాలన్నది ప్రశ్న. ఒక పక్షాన పీహెచ్‌సీ వైద్యాధికారి, రెండో పక్షాన బోధనాసుపత్రి చర్మ నిపుణురాలు. ఇద్దరూ చూసే రోగులు వేరన్నది ఈ వాదం వినేటప్పుడు గుర్తుంచుకోవాలి. నిపుణురాలి దగ్గరికి చేరేవి వైద్యం వికటించిన కేసులు. వైద్యాధికారి ముందుకు వచ్చేది ఆమె దాకా చేరలేనివాళ్లు.

నిపుణురాలు: ఊళ్లలో ఒంటి మీద ఏ మచ్చ కనిపించినా ఒక ట్యూబు కొని రాసే అలవాటు పాతుకుపోయింది. అడిగితే చాలు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్రాన్ని చంపే మందు మూడూ కలిపిన క్రీము చేతికొస్తుంది. అందులో తరచుగా ఉండే క్లోబెటసాల్ అన్నింటిలోకీ బలమైన తరగతి స్టెరాయిడ్. శిలీంధ్రపు తామర మీద దాన్ని రాస్తే రెండు రోజుల్లో దురద అణుగుతుంది, జబ్బు మాత్రం పాకుతూనే ఉంటుంది. అంచు చెరిగిపోయి, నిపుణులు కూడా ఒక పట్టాన గుర్తుపట్టలేని రూపానికి మారుతుంది. కొన్నేళ్లుగా దేశమంతటా మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ క్రీములూ ఒక కారణం. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన శిలీంధ్రానికి టెర్బినాఫిన్ లాంటి మామూలు మందు చాలాసార్లు పనిచేయదు. ఇలాంటప్పుడు స్టెరాయిడ్ రాసిచ్చే చేతులను ఇంకా పెంచడం నిప్పులో నెయ్యి పోయడమే.

వైద్యాధికారి: ఆ చేతులు ఎప్పుడో పెరిగిపోయాయి మేడమ్. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం వచ్చింది, దుకాణం తీరు మారలేదు. పీహెచ్‌సీలో మందు ఇవ్వకపోతే ఆ తల్లి పట్నం బస్సెక్కి చర్మ నిపుణుల దగ్గరికి వస్తుందనుకోవడం పొరపాటు. రోజు కూలి పోతుంది, చార్జీలవుతాయి, ఇంట్లో మిగతా పిల్లలను చూసేవాళ్లు ఉండరు. ఒకసారి ఎలాగో వచ్చినా ఇది ఒకసారితో పోయే జబ్బు కాదు, ఏళ్ల తరబడి చూపించుకోవాలి. పీహెచ్‌సీ తలుపు మూస్తే ఆమె వెళ్లేది ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదా ఆ మూడు మందుల క్రీము కోసం దుకాణానికి. పోటీ పీహెచ్‌సీకీ బోధనాసుపత్రికీ మధ్య లేదు, పీహెచ్‌సీకీ దుకాణానికీ మధ్య ఉంది.

నిపుణురాలు: సరే, దుకాణం కన్నా పీహెచ్‌సీ మేలే. అయితే అక్కడ జబ్బును సరిగ్గా పోల్చుకునే ఏర్పాటు ఉండాలి. అది లేకుండా ప్రభుత్వ చీటీ మీద అదే తప్పు చేస్తే, ఆ తప్పుకు ప్రభుత్వ ముద్ర పడుతుంది.

జబ్బును పోల్చుకోవడంలో ఇద్దరూ ఒప్పుకునే క్రమం ఒకటి ఉంది. దురదతో వచ్చిన పిల్లలో మొదట వెతకాల్సింది గజ్జి. రాత్రిపూట పెరిగే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మస్థానాల్లో చిన్న పొక్కులు, ఇంట్లో ఇంకొకరికీ దురద: ఈ మూడూ కలిస్తే గజ్జి అనే అనుకోవాలి. ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో పిల్లలు ఇరుకుగా పడుకునే చోట ఇది వేగంగా పాకుతుంది. 5 శాతం పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాలి దాకా, పసిపిల్లలకైతే తలకూ ముఖానికీ కూడా, కళ్లకూ నోటికీ తగలకుండా రాసి, ఒక రాత్రి ఉంచి, వారం పది రోజుల్లో మళ్లీ రాయాలి. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. దురద లేదన్న తాత కూడా. గజ్జి పిల్లను ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ రాస్తూ పోతే దురద కొంత తగ్గినట్టు అనిపిస్తుంది, పురుగు మాత్రం ఇల్లంతా పాకుతుంది.

రెండోది శిలీంధ్రపు తామర. మధ్యలో కొంత మానినట్టు, అంచున పొలుసులు కట్టి ఎత్తుగా, ఒక పక్కకు ఎక్కువగా పాకే వలయం దాని గుర్తు. గజ్జల్లో, నడుం దగ్గర బట్ట బిగుసుకునే చోట ఎక్కువ. ఎగ్జిమా సాధారణంగా రెండు వైపులా సమానంగా వస్తుంది. కుడి మోచేతి మడతలో ఉంటే ఎడమ మడతలోనూ ఉంటుంది. ఇక్కడ వైద్యాధికారి ఒక మంచి సూచన చేస్తారు. మలేరియాకు రక్తపు పూత, క్షయకు కఫం చూడటానికి సూక్ష్మదర్శిని పీహెచ్‌సీలో ఉంది, దాన్ని చూసే టెక్నీషియనూ ఉన్నారు. అంచు దగ్గరి పొలుసును మొండి బ్లేడుతో గీకి, గాజుపలక మీద వేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు ఆగి చూస్తే శిలీంధ్రపు తీగలు కనిపిస్తాయి. ఖర్చు లేని పరీక్ష. అలవాటు లేని కంటికి కణాల అంచులే తీగల్లా కనిపిస్తాయనీ, స్టెరాయిడ్ రాసినా, శిలీంధ్రపు మందు రాసినా ఫలితం తారుమారు కావచ్చనీ నిపుణురాలి హెచ్చరిక. అది నిజమే. టెక్నీషియన్లు కొన్నాళ్లు పెద్దాసుపత్రి చర్మ విభాగంలో కూర్చుని పలకలు చూస్తే ఆ కొరత చాలావరకు తీరుతుంది.

మూడోది కుష్ఠు. పిల్లల బుగ్గల మీద కాస్త పొలుసుగా తెల్లని మచ్చలు వస్తే ఇంట్లోవాళ్లు కడుపులో నులిపురుగులనో, కాల్షియం తక్కువనో, బొల్లి అనో అనుకుంటారు. సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త కుష్ఠు అనుమానితుల జాబితాలో రాస్తుంది. చాలాసార్లు అది ఎగ్జిమాలో ఒక తేలిక రూపం, పిటిరియాసిస్ ఆల్బా. కుష్ఠు మచ్చకు సాధారణంగా దురద ఉండదు, స్పర్శ తగ్గి ఉంటుంది. ముఖం మీద మాత్రం స్పర్శ తగ్గడం ఒక్కోసారి తేలదు, అలాంటప్పుడు కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. దేశస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005 డిసెంబరులో ప్రకటించినా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి గనుక ఆశా అనుమానించడం తప్పు కాదు. ఆ పిల్ల పేరు ఊళ్లో పదిమంది నోళ్లలో పడకముందే స్పర్శ పరీక్ష జరగాలి.

ఈ మూడూ కావని తేలాక ఎగ్జిమాను నిర్ధారించడానికి ప్రయోగశాలతో పని లేదు. బ్రిటన్‌లో 1994లో తయారైన ప్రమాణాల ప్రకారం దురద తప్పనిసరిగా ఉండాలి. దానికి తోడు మరో ఐదింటిలో కనీసం మూడు ఉండాలి: మడతల్లో జబ్బు వచ్చిపోయిన చరిత్ర, ఇప్పుడు మడతల్లో కనిపించే జబ్బు, ఏడాది కాలంగా ఒళ్లంతా పొడిబారడం, ఉబ్బసం లేదా అలర్జీ జలుబు, రెండేళ్లలోపు మొదలు కావడం. చివరిది నాలుగేళ్లు నిండినవాళ్లకే వర్తిస్తుంది. అంతకన్నా చిన్నపిల్లలైతే అమ్మకో నాన్నకో తోబుట్టువులకో ఉబ్బసం లాంటివి ఉన్నా లెక్కలోకి వస్తుంది. పసిపిల్లల్లో మడతలతో పాటు బుగ్గలు, నుదురు, చేతులూ కాళ్ల వెలుపలి వైపు కూడా చూడాలి.

నిపుణురాలు: ఆ ప్రమాణాలు మొదట తెల్ల చర్మం మీద తయారైనవి. పాఠ్యపుస్తకాల్లో ఎగ్జిమా ఎర్రగా ఉంటుంది. చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు ఊదాగా, బూడిదరంగుగా, ఒక్కోసారి ఉన్న రంగే ముదిరినట్టుగా కనిపిస్తుంది. మడతల్లో పలకల్లా రాకుండా, రోమకూపం చుట్టూ ఒక్కొక్క పొక్కుగా కూడా వస్తుంది. ఎరుపు లేదు గనుక తేలికేనని రాసేస్తే జబ్బు తీవ్రత సగమే లెక్కకొస్తుంది.

వైద్యాధికారి: అందుకే రంగు మీద ఆధారపడకుండా చేత్తో తడిమి చూడటం నేర్పాలి. గరుకుదనం, మందం, వెచ్చదనం, గోటి గీతలు, పిల్ల గోళ్ల నునుపు. రోజంతా గోకిన గోళ్లు మెరుగు పెట్టినట్టు ఉంటాయి. రాత్రి ఎన్నిసార్లు లేస్తోందని తల్లిని అడిగితే తీవ్రత తెలుస్తుంది. ఇంత మాత్రం ఏఎన్‌ఎం నర్సు, ఆశా కార్యకర్త నేర్చుకోలేనిదేమీ కాదు. ఆఫ్రికాలోని మాలీలో సాధారణ ఆరోగ్య సిబ్బందికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, తరచుగా వచ్చే చర్మవ్యాధులను వరసగా పోల్చుకునే పద్ధతి నేర్పితే రోగనిర్ధారణ మెరుగైందనీ, రోగి మందుల ఖర్చు తగ్గిందనీ 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వివరంగా వచ్చింది.

నిపుణురాలు: శిక్షణ పొందిన వాళ్లు బదిలీ అయిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఏటా ఒకసారైనా నేర్పే ఏర్పాటు లేని చోట ఆ పద్ధతి కాగితం మీదే మిగులుతుంది. అయినా నేర్పడం వృథా అనడం లేదు.

చికిత్సలో మొదటి మెట్టు మీద ఇద్దరికీ పేచీ లేదు. అది తేమ. అయినా ఆచరణలో ఎక్కువగా దారి తప్పేది ఈ మెట్టు దగ్గరే. తెలుగు ఇళ్లలో పసిపిల్లల స్నానం పెద్ద క్రతువు. నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్నీళ్లు గుమ్మరించి, సాంబ్రాణి పొగ వేస్తారు. ప్రేమతో చేసే పనే, ఆరోగ్యంగా ఉన్న చర్మం దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. ఎగ్జిమా ఉన్న చర్మానికి మాత్రం ఆ రాపిడి, ఆ వేడి, ఆ పొగ మూడూ చెరుపే. నలుగు మానమంటే బామ్మలకు నచ్చదు గనుక ఏది ఉంచాలో ముందు చెప్పి, తరవాత ఏది మానాలో చెప్పడం మంచిది. నూనె ఉంచవచ్చు. నీళ్లు గోరువెచ్చగా, స్నానం ఐదు పది నిమిషాల్లో ముగియాలి. సబ్బు మురికి పట్టిన చోట మాత్రమే. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే పైపూత రాయాలి. వేపాకు నీళ్లు, పసుపు కొందరికి పడతాయి, పగిలిన చర్మం మీద మంట పుట్టిస్తే ఆపేయాలి. నల్లజీడి రసం మాత్రం ఎవరి ఒంటికీ తగలనివ్వకూడదు, అది పొక్కులు లేపే విషం. ఎగ్జిమా బోరు ఉప్పునీళ్ల వల్లే వస్తుందని ఊళ్లో చాలామంది నమ్ముతారు. కఠినజలానికీ ఎగ్జిమాకూ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశీలనలు చెప్పినా, నీటి కాఠిన్యాన్ని తీసేసే యంత్రాలు బిగించి బ్రిటన్‌లో పిల్లల మీద జరిపిన పరీక్షలో జబ్బు అదనంగా తగ్గలేదు. కాబట్టి ఉన్న డబ్బు నీళ్ల మీద కాకుండా పైపూత మీద పెట్టడం మేలు.

ఏ పైపూత అన్న ప్రశ్నకు సమాధానం పేదలకు అనుకూలంగా ఉంది. 2022లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధనలో ఎగ్జిమా ఉన్న 550 మంది పిల్లలకు లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగింటిలో ఏదో ఒకటి ఇచ్చి చూస్తే, ఏదీ మిగతావాటి కన్నా ఎక్కువ పని చేయలేదు. అంటే ఖరీదైన డబ్బా అక్కర్లేదు. సాదా పెట్రోలియం జెల్లీ, వాసన కలపని కొబ్బరినూనె సరిపోతాయి. ఫిలిప్పీన్స్‌లో 2014లో పిల్లల మీద ఎనిమిది వారాల పాటు జరిగిన పరీక్షలో వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు గోడను ఇంకా బలహీనం చేస్తాయని తెలిసింది గనుక వాటిని వద్దనాలి.

నిపుణురాలు: జెల్లీ అని రాసిచ్చి పంపితే సరిపోదు. మే నెల ఎండలో జెల్లీ పూసిన ఒంటికి దుమ్ము అంటుకుంటుంది, చెమటకాయలు లేస్తాయి, రోమకూపాలు మూసుకుని చీముపొక్కులు వస్తాయి. రెండో రోజుకే తల్లి మానేస్తుంది. ఎండాకాలం పగలు పల్చని లోషన్, రాత్రి నూనె. జెల్లీ చలికాలానికి. వెంట్రుక వాలిన వైపుకే నిమరాలి, ఎదురు రుద్దకూడదు.

వైద్యాధికారి: పరిమాణం కూడా చెప్పాలి. ఒళ్లంతా పొడిబారిన పిల్లకు వారానికి 250 గ్రాముల దాకా పడుతుంది, అంటే నెలకు కిలో. 15 గ్రాముల ట్యూబు చేతిలో పెట్టి ఒళ్లంతా రాయమంటే ఆ మాటకు అర్థం లేదు. పైపూత పనిచేయలేదని వచ్చే తల్లుల్లో చాలామంది దాన్ని చాలినంత రాసి ఉండరు. తప్పు వాళ్లది కాదు, చాలినంత ఇవ్వని ఆస్పత్రిది.

తేమతో లొంగని జబ్బుకు స్టెరాయిడ్ కావాలి. అసలు పేచీ ఇక్కడ. తెలుగునేల మీద స్టెరాయిడ్ విషయంలో రెండు విపరీతాలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకచోట ముఖం తెల్లబడాలని నెలల తరబడి రాసుకుని చర్మం పల్చబడి, రక్తనాళాలు తేలి, మొటిమలతో నిండిన ఆడపిల్లలు. ఇంకోచోట ఆ కథలు విని, నిజంగా అవసరమైన పిల్లకు కూడా రాయకుండా నిద్రలేని రాత్రులు గడిపే తల్లులు. నిపుణురాలు మొదటి గుంపును చూసి మాట్లాడతారు, వైద్యాధికారి రెండో గుంపును చూసి.

వైద్యాధికారి: సరైన తరగతి స్టెరాయిడ్, సరైన చోట, సరైన రోజులు. ముఖానికి, మెడకు 1 శాతం హైడ్రోకార్టిసోన్, మూడు నుంచి ఏడు రోజులు. ఒంటికి బెటామెథసోన్ వాలరేట్, రోజుకు ఒక్కసారి, ఏడు నుంచి పద్నాలుగు రోజులు, దురదా గరుకుదనమూ పోయేదాకా. ఈ రెండు మందులూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే. బలమైన స్టెరాయిడ్ రోజుకు రెండుసార్లు రాసినా ఒకసారి రాసినా ఫలితం దాదాపు ఒకటేననీ, తగ్గాక వారానికి రెండు రోజులు రాస్తూ ఉంటే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందనీ 2022 కాక్రేన్ సమీక్ష చెప్పింది. అదే సమీక్ష లెక్కించిన పరీక్షల్లో చర్మం పల్చబడింది వందకు ఒకరిలో. అదీ ఎక్కువగా బలమైన తరగతులతో.

నిపుణురాలు: ఆ పరీక్షలు చాలావరకు కొన్ని వారాల పాటు, డాక్టర్ల కంటి ముందు జరిగినవి. ట్యూబు ఇంటికి చేరాక ఏమవుతుందో ఆ లెక్కలో లేదు. ఎగ్జిమాకు ఇచ్చిన ట్యూబును తండ్రి తన గజ్జల తామరకు రాసుకుంటాడు, అక్క మొటిమలకు రాసుకుంటుంది. అయిపోతే ఖాళీ ట్యూబు చూపించి దుకాణంలో ఇంకోటి తెచ్చుకుంటారు.

వైద్యాధికారి: ఖాళీ ట్యూబు తిరిగి ఇస్తేనే కొత్తది ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో వేలికొన లెక్కతో తేల్చవచ్చు.

ఈ వేలికొన కొలతను 1991లో బ్రిటన్ వైద్యులు లాంగ్, ఫిన్లే ప్రతిపాదించారు. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు గీత నుంచి కొన దాకా ట్యూబు నుంచి పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల, వేళ్లతో సహా, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు ఒక చెయ్యంతటికీ రెండు, ఒక కాలంతటికీ మూడు, ముఖం మెడకు కలిపి ఒకటిన్నర వేలికొనలు. కొలిచేది తల్లి వేలితో, పిల్ల వేలితో కాదు. 15 గ్రాముల ట్యూబులో ఇవి 30 ఉంటాయి. రెండు మోచేతుల, రెండు మోకాళ్ల మడతల్లో మాత్రమే జబ్బున్న పిల్లకు రోజుకు రెండు వేలికొనలు పట్టవు, ఒక ట్యూబు రెండు వారాలు దాటి వస్తుంది. నాలుగు రోజుల్లో అయిపోయిందంటే ఎక్కువ రాశారనో, ఇంకెవరో వాడారనో అర్థం. రెండు నెలలైనా అయిపోలేదంటే భయపడి రాయలేదని అర్థం. చీటీ మీద అంకెలు రాసే బదులు వేలు బొమ్మ గీసి ఇస్తే చదువు రాని తల్లికీ తెలుస్తుంది.

నిపుణురాలు ఈ లెక్కను మెచ్చుకున్నా మూడు గీతలు గీస్తారు. ఏడాది లోపు పిల్లలకు, లంగోటీ కట్టే చోట, కంటి రెప్పల మీద పీహెచ్‌సీ స్థాయిలో బెటామెథసోన్ వద్దు. క్లోబెటసాల్ పీహెచ్‌సీ గదిలోనే ఉండకూడదు. మందులు కలగలిపిన క్రీము దేన్నీ కొనకూడదు. వైద్యాధికారి మొదటిదీ చివరిదీ వెంటనే ఒప్పుకుంటారు. రెండోదాన్ని గట్టిగా ఎదిరిస్తారు. పొలం పనుల్లో చీలమండ దగ్గర ఏళ్ల తరబడి గోకి తోలులా మందమైన చర్మానికి బెటామెథసోన్ చాలదు, అక్కడ రెండు వారాలు క్లోబెటసాల్ కావాలన్నది ఆయన అనుభవం. ఈ ఒక్క విషయంలో ఇద్దరి మధ్య రాజీ కుదరలేదు. మందంగా మారిన పెద్దవాళ్ల చర్మం వరకు ఆయన మాటలో న్యాయం ఉంది. తాళం వేసిన అలమరలో ఉంచి, వైద్యాధికారి చేతి మీదుగానే ఇచ్చే షరతు మీద.

పథ్యం మాట వచ్చేసరికి ఇద్దరూ ఒకే పక్షం. ఒంటికి దురదొస్తే తెలుగు ఇళ్లలో మొదట ఆపేవి వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు. పాలిచ్చే తల్లి కూడా పచ్చడి మెతుకులకు దిగుతుంది. కొద్దిమంది పిల్లలకు, ముఖ్యంగా చిన్నప్పుడే తీవ్రంగా వచ్చినవాళ్లకు, ఆహారపు అలర్జీ నిజంగా ఉంటుంది: ఫలానాది తిన్న గంట రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే అనుమానించాలి. అలాంటిదేమీ లేకుండా గుడ్డు మాన్పిస్తే అసలే తక్కువ బరువున్న పిల్లకు ఉన్న ఒక్క మంచి మాంసకృత్తీ పోతుంది. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టవద్దని తల్లి చెబితే కార్యకర్త ఆ సంగతిని పీహెచ్‌సీకి తెలియజేయాలి. జబ్బు అంటుకోదని కూడా అక్కడే చెప్పాలి. ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి.

ఊళ్లో దురదకు వేసే ఇంజెక్షన్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. అది చాలాసార్లు స్టెరాయిడ్. మర్నాటికే ఒళ్లు నునుపుగా మారుతుంది, రెండు మూడు వారాల్లో రెట్టింపుగా తిరగబెడుతుంది, మళ్లీ ఇంజెక్షన్. ఎదిగే పిల్లలో ఇది ఎత్తును, ఎముకను, రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. దురద మాత్రలుగా ఇచ్చే యాంటీహిస్టమిన్లు ఎగ్జిమా దురదను పెద్దగా తగ్గించవు; నిద్ర తెప్పించే రకాన్ని నాలుగైదు రాత్రులు ఇస్తే కొంత ఊరట, అంతే.

పెద్దవాళ్లలో ఎగ్జిమాకు పని ఒక పెద్ద కారణం. సిమెంటు పనివాళ్ల చేతుల మీద క్రోమియం, అంట్లు తోమే చేతుల మీద డిటర్జెంట్. పొలంలో వయ్యారిభామ. ఈ కలుపు గింజలు 1950ల్లో దిగుమతి ధాన్యంతో పాటు దేశంలోకి వచ్చాయని చెబుతారు. దాని పొడి గాలిలో తేలి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద తీవ్రమైన ఎగ్జిమా తెస్తుంది. నలభై దాటిన రైతుకు కొత్తగా ఇలా వస్తే ముందు అడగాల్సింది గట్ల మీద ఏ కలుపు ఉందని. ముఖానికి తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, పూత పూయకముందే కలుపు తీయడం, తీసేవాళ్లలో ఆ రైతు లేకపోవడం. మందు కన్నా ఇవి ముఖ్యం.

చీము పట్టినప్పుడు ఏం చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు. పగిలిన చర్మం మీద స్టాఫైలోకాకస్ అనే బాక్టీరియా తేలిగ్గా నిలుస్తుంది. తేనెరంగు పక్కులు కొద్దిగా కడితే యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఎగ్జిమా చికిత్సను సరిగ్గా చేస్తే అవీ పోతాయి. రసి ఎక్కువగా కారే చోట లేత గులాబీరంగు వచ్చేలా పల్చగా కలిపిన పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో పది నిమిషాలు తడిగుడ్డ వేస్తే ఆరుతుంది. పలుకులు విడిగా మిగిలితే ఒళ్లు కాలుతుంది గనుక నర్సు కలిపి చూపించాలి. జ్వరం, గడ్డలు, వేగంగా పాకే పక్కులు ఉంటే సెఫలెక్సిన్ లాంటిది ఐదు నుంచి ఏడు రోజులు.

నిపుణురాలు: ఒకే సైజులో, రంధ్రం పొడిచినట్టు గుండ్రని చిన్న పుండ్లు గుంపుగా, జ్వరంతో, నొప్పితో వస్తే అది హెర్పిస్. ఎగ్జిమా ఉన్న పిల్లలో అది ప్రాణాంతకం. ఆ రోజే ఎసైక్లోవిర్ మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపేయాలి, కంటి దగ్గరైతే ఇంకా త్వరగా. ఒంటిలో తొంభై శాతం మేర ఎర్రబడి పొలుసులు రాలుతున్నా, బరువు పెరగని పసిబిడ్డకు తీవ్రంగా వచ్చినా, నాలుగు వారాలు సరిగ్గా చికిత్స చేసినా లొంగకపోయినా పీహెచ్‌సీలో ఉంచకూడదు. వాళ్లకు అతినీలలోహిత కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటివి కావాలి.

వైద్యాధికారి: అలాంటివాళ్లకే మీ సమయం మిగలాలి మేడమ్. మిగతావాళ్లను పీహెచ్‌సీ చూసుకుంటుంది, సందేహం ఉంటే ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవనిలో ఫోటో పంపుతుంది.

ఫోటో ఎలా తీయాలన్నది కూడా నేర్పాల్సిన విద్యే. ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో, ఒళ్లు కనిపించేలా దూరం నుంచి ఒకటి, జబ్బున్న చోటు దగ్గర నుంచి ఒకటి, వేళ్ల సందులది ఒకటి. దానికి తోడు నాలుగు మాటలు: ఎప్పటి నుంచి, ఇంట్లో ఇంకెవరికి, రాత్రి నిద్ర, ఇప్పటిదాకా రాసిన ట్యూబుల పేర్లు. చివరిది లేకపోతే నిపుణుల సలహా కూడా గురి తప్పుతుంది.

రెండు వారాలకు ఒకసారి ఆశా ఇంటికి వెళ్లి ట్యూబు ఎంత అయిందో, జెల్లీ డబ్బా ఎంత తగ్గిందో చూడాలి. ఖాళీ డబ్బాను పీహెచ్‌సీకి తెస్తే నింపి ఇచ్చే పద్ధతి పెడితే నెలకు కిలో పైపూత అసాధ్యం కాదు. వైట్ సాఫ్ట్ పారఫిన్, లిక్విడ్ పారఫిన్ సమపాళ్లలో కలిపితే తేలిగ్గా రాసుకోవచ్చు. డబ్బాలో వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోవాలి. పారఫిన్ రాసిన చర్మానికి నిప్పు అంటుకోదు గానీ, రోజూ రాయగా అది ఇంకిన బట్టలు, దుప్పట్లు ఇట్టే అంటుకుంటాయి. కట్టెల పొయ్యి ముందు ఆ పిల్లను చలి కాచుకోనివ్వకూడదు, దీపావళికి పాతబట్టలతో బాణసంచా దగ్గరికి పంపకూడదు, ఆ దుప్పట్లను వేడినీళ్లలో తరచుగా ఉతకాలి. ఎంత ఉతికినా కొంత పారఫిన్ మిగులుతుంది గనుక పొయ్యికి దూరంగా పక్క వేయడం తప్పదు.